బరువు తగ్గించు శస్త్రచికిత్స: ఒక రైతు అనుభవము

గడచిన కొలది మాసములుగా మన సంఘమునకు వచ్చుచున్న అప్పు దరఖాస్తులలో ఒక క్రొత్త కారణము కనబడుచున్నదనియు, కొబ్బరితోట హామీపై సొమ్ము తీసికొని "పొట్ట ఆపరేషను" చేయించుకొనవలెనని ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగిరనియు కార్యదర్శిగారు నాతో చెప్పిరి. ఆ ఆపరేషను నేను 2022 ఫిబ్రవరిలో చేయించుకొన్నవాడ నగుటచే, దాని మంచిచెడ్డలు సభ్యులకు తెలియునట్లు వ్రాయుమని కోరిరి. నేను వైద్యుడను గాను. ముమ్మిడివరమున సేద్యము చేసికొనువాడను. వైద్యులు నాకు చెప్పినదియు, చదివి తెలిసికొన్నదియు, నా శరీరమున నేను చూచినదియు వ్రాయుచున్నాను.

నా ఎత్తు 168 సెంటీమీటర్లు. ఆనాటి బరువు 124 కిలోలు. బరువు ఎక్కువో కాదో తెలియుటకు వైద్యులు ఒక లెక్క కట్టుదురు. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుచే భాగించి, వచ్చినదానిని అదే ఎత్తుచే మరల భాగింపవలెను. నాకు 44 వచ్చినది. మన దేశస్థులకు 23 దాటిన అధికమైన బరువనియు, 25 దాటిన స్థూలకాయమనియు ఎంచుదురు. పాశ్చాత్యులకంటె మనవారికి తక్కువ బరువుననే చక్కెరవ్యాధి వచ్చుచుండుట ఇందుకు కారణము.

నాకు ఆ వ్యాధి పదేండ్లుగా నుండెను. మాత్రలు చాలక ఇన్సులిను సూదులు మొదలైనవి. రాత్రి గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చుచుండుటచే ఇంటివారు నిద్ర మాని నన్ను కనిపెట్టుకొని యుండెడివారు. వరిచేని గట్టుమీద నడచిన గట్టు దిగబడుచుండెను. దింపు కార్మికులు కాయలు దించుచుండగా చెట్టునీడను కుర్చీ వేయించుకొని గెలలు లెక్కించుటయే నాకు మిగిలిన వ్యవసాయము. "తిండి తగ్గింపుము" అని చెప్పనివారు లేరు. మూడు పర్యాయములు తగ్గించితిని. ప్రతిసారియు ఎనిమిది పది కిలోలు తగ్గి, ఏడాది తిరుగకుండ అంతకు మించి పెరిగితిని. ఇది మనసు బలహీనత మాత్రమే కాదని వైద్యులు చెప్పినప్పుడు నాకు కన్నీరు వచ్చినంత పనియైనది. బరువు తగ్గగానే శరీరము దానిని కరవుగా భావించి ఆకలి పెంచునట. ఆకలి పుట్టించు రసమొకటి పొట్ట పైభాగమున ఎక్కువగా తయారగునట.

ఈ చికిత్స పుట్టిన తీరు వినదగినది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు, పుండు రోగమునకై పొట్టలో కొంత భాగము తీసివేయబడిన వారు తరువాత చిక్కి యుండుట గమనించి, 1966లో స్థూలకాయులకు పొట్టను చిన్నది చేసి ప్రేగునకు కలుపు పద్ధతి నారంభించెను. దానినే బైపాసు అందురు. నాకు చేసినది వేరొకటి: పొట్టను నిలువుగా కోసి సుమారు ముప్పాతిక భాగము తీసివేసి, తక్కినదానిని గొట్టమువలె కుట్టుదురు. మిగిలిన పొట్ట అరటికాయ ఆకారమున నుండునని వైద్యులే పోల్చి చెప్పుదురు. రావులపాలెము గెలలు చూచినవారికి ఇంతకంటె వివరింప నక్కర లేదు. తీసినది మరల రాదు. ఈ మాట కాగితముమీద చేవ్రాలు చేయుటకు ముందే మనసునకు ఎక్కవలెను.

మన దేశమున పెద్దలు కొందరు దీనిని చేయించుకొనిరి. నితిన్ గడ్కరీ గారు 2011లోను, అరుణ్ జైట్లీ గారు 2014లోను చేయించుకొన్నట్లు పత్రికలలో వచ్చినది. జైట్లీ గారు ఆ పిమ్మట అస్వస్థులై మరల ఆసుపత్రిలో చేరవలసి వచ్చినది. మనవారు తరచు చెప్పుకొను తెలుగు చలనచిత్ర నటి ఆర్తి అగర్వాల్ గారి సంగతి వేరు. ఆమె 2015 జూన్ 6న అమెరికాలో మరణించిరి. అంతకు కొన్ని వారములకు ముందు ఆమెకు చర్మము క్రింది క్రొవ్వును పీల్చివేయు చికిత్స జరిగినదని ఆమె మేనేజరు తెలిపిరి. క్రొవ్వు పీల్చుట శరీరపు తీరు దిద్దుట కేర్పడినది. చక్కెరవ్యాధిని గాని ఆకలిని గాని అది మార్చదు. ఈ రెంటిని ఒకటిగా ఎంచి కొందరు భయపడుచున్నారు, కొందరు ఆశపడుచున్నారు.

ఆపరేషనునకు ముందు రెండు వారములు అన్నము మాన్పించి పలుచని ఆహారము పెట్టిరి. క్రొవ్వు పట్టి పెరిగిన కాలేయము కొంత కుంచించుకొనినగాని దాని క్రింద నున్న పొట్టను చేరుట కష్టమట. చుట్ట మానవలె నన్నారు, మానితిని. ఆనాడు పొట్టపై అయిదు చిన్న రంధ్రములు మాత్రమే చేసి, లోపల వాయువు నింపి, సన్నని కెమెరా సాయమున పని ముగించిరి. మెలకువ వచ్చిన తరువాత కోతల నొప్పికంటె ఆ వాయువు వలన భుజములందు కలిగిన నొప్పి ఎక్కువగా బాధించినది. ఆ సాయంకాలమే లేపి నడిపించిరి. కాళ్లలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవుట ఈ చికిత్సలోని గొప్ప ప్రమాదములలో ఒకటి. కుట్టు వద్ద కారుట మరియొకటి. ఇంటికి వెళ్లిన తరువాత జ్వరము, గుండె వేగము, ఆగని కడుపునొప్పి, ఎడమ భుజమున పోటు కనబడినచో తెల్లవారుదాక ఆగరాదని చెప్పి పంపిరి. అనుభవము గల ఆసుపత్రులలో మరణము వేయింటికి ఒకటి ప్రాంతమున నుండునందురు. తక్కువయే, కాని ఆ ఒకటి ఎవరి యింట పడునో ముందుగా తెలియదు.

మొదట నీళ్లు, పలుచని మజ్జిగతేట. పిదప పాలు, పెసరకట్టు. అటుపిమ్మట మెత్తగా మెదిపిన పదార్థములు. నెల దాటినగాని మెత్తని అన్నము రాలేదు. ఒక్క గ్రుక్క నీరు త్రాగి, ఆగి, మరియొక గ్రుక్క త్రాగవలెను. భోజనముతోపాటు నీరు త్రాగరాదు. ముందుగా గ్రుడ్డు, చేప, పెరుగు, పప్పు తిని, చోటు మిగిలిన అన్నము తినవలెను. ఈ వరుస మన కోనసీమ అలవాటునకు తలక్రిందు. మూడవ మాసము మొదలు వెండ్రుకలు రాలి దిగులు పుట్టించినవి. ఏడాది లోపల మరల వచ్చినవి. త్వరగా చిక్కినవారికి పిత్తాశయమున రాళ్లు ఏర్పడుట కలదు గనుక ఆరు నెలలు అందుకు వేరుగా మందు వాడితిని.

ఇక నేను చేసిన తప్పు చెప్పెదను. ఈ వ్యాసము వ్రాయుటకు ఒప్పుకొన్నది ముఖ్యముగా దీనికొరకే. 2022 జూలైలో గోదావరికి మహావరద వచ్చి ధవళేశ్వరము వద్ద నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటినది. నా చేను లంకలో నున్నది. పశువులను ఏటిగట్టుమీదికి తోలుట, దాణా చేరవేయుట మొదలగు పనులలో వేళ తప్పినది. పొట్లములలో పంచిన పులిహోర నిలుచుండి గబగబ తింటిని. వాంతియైనది. మరునాడును అంతే. ఇట్లు మూడు వారములు గడచినవి. మాత్రలు నిలువకుండుటచే అవియు మానితిని. బరువు ఇంకను వేగముగా తగ్గుచున్నదని లోలోపల సంతోషించితినని చెప్పుటకు సిగ్గగుచున్నది. పిమ్మట పాదములు తిమ్మిరెక్కి, నడక తూలుట మొదలైనది.

నీరసమునకు గ్లూకోజు సీసా ఎక్కించుట మన గ్రామములలో వాడుక. సీసా తెప్పించుట కూడ జరిగినది. మా అమ్మాయి మాత్రము ముందుగా శస్త్రవైద్యునికి ఫోను చేసెను. ఆయన గ్లూకోజు ఎక్కింపవలదని, వెంటనే బయలుదేరి రమ్మని చెప్పెను. విడువక వాంతులగువారికి శరీరమునందలి బి1 విటమిను కొలది వారములలోనే తరిగిపోవును. ఆ స్థితిలో అది ఇవ్వక గ్లూకోజు మాత్రమే ఎక్కించినచో, ఉన్న కొంచెమును ఖర్చై మెదడునకును గుండెకును హాని కలుగునట. నాకు ముందు ఆ విటమినును నరము ద్వారా ఎక్కించి, పిదపనే తక్కిన సీసాలు పెట్టిరి. నడక పది దినములలో చక్కబడినది. పాదముల తిమ్మిరి పోవుటకు నాలుగు నెలలు పట్టినది.

ఈ వ్యాధి మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. మరపట్టిన తెల్లబియ్యమే ఆధారముగా బ్రదికిన ఉత్తర సర్కారు జిల్లాలలో పూర్వము బెరిబెరి యని వాడుకలో నున్నది ఇదియే. దాని పరిశోధనకై 1918లో కూనూరున మెకారిసన్ అను వైద్యుడు ప్రారంభించిన శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. తాతలనాటి జబ్బు వేల రూపాయల మందులు వాడు మనుమని యింట మరల తలయెత్తుట వింతయే.

బంధువుల మర్యాదను తట్టుకొనుట మరియొక పరీక్ష. మరుసటి సంక్రాంతికి అత్తవారి యింట ఆకు ముందు కూర్చుండి, ఒక గారె ముక్క, రెండు ముద్దలు పెరుగన్నము తిని లేవబోగా, మా బావమరదిగారి భార్య "అన్నయ్యగారూ, మా వంట నచ్చలేదాండీ?" అని కంట తడి పెట్టినది. నచ్చినదని చూపుటకు బొబ్బట్టు ఒకటి తిని, పెరటిలోనికి పోయి కక్కుకొంటిని. అన్నపానములు మాని తపస్సు చేసిరని ప్రసిద్ధి గల బాలయోగీశ్వరుల ఊరు మనది. పిడికెడన్నముతో లేచు నన్ను చూచి "మరియొక యోగి బయలుదేరినాడు" అని పరిహసించినవారును కలరు. ఇప్పుడు ఎవరింటికి పోయినను ముందుగా కబురు చేయుదును: చిన్న గిన్నెలో వడ్డింపుడు, ఇరువది నిమిషములు నన్ను పలుకరింపకుడు. పులస దొరికిన రోజున రెండు ముక్కలు. అంతే.

ఏడాది నాటికి 90 కిలోలకు దిగితిని. తరువాత కొంత పెరిగి ఇప్పుడు 94 వద్ద నిలిచినది. కొంత తిరిగి వచ్చుట సహజమట. ఇన్సులిను ఆగినది, ఒక మాత్ర మిగిలినది. గురక పోయినది. మోకాళ్లు మునుపటివలె కాకున్నను లంక చేనికి నడచి పోవుచున్నాను. స్వీడను దేశమున 1987లో ఆరంభించి అనేక సంవత్సరములు గమనించిన పరిశోధన యొకటి, ఆపరేషను చేయించుకొన్నవారిలో మరణములు తక్కువైనట్లు 2007లో తెల్పినది.

అందరికి నిది తగదు. పైన చెప్పిన లెక్క 30 లోపుననే యుండి, పెండ్లిలోగా సన్నబడవలెనని వచ్చు యువజనులు ముందుగా మంచి వైద్యుని సలహా పొందుట మేలు. బిడ్డలను కనదలచిన స్త్రీలు ఆపరేషను తరువాత ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు ఆగవలెనందురు. కల్లు, సారాయి విడువలేనివారు దీని జోలికి పోకుండుట మంచిదని నా తలంపు. వారమునకు ఒకసారి వేసికొను సూదిమందులు 2025 నుండి బరువు తగ్గుటకై మన దేశమున అమ్మకమునకు వచ్చినవి. అవి మానిన బరువు మరల పెరుగుచుండుట కలదు, అయినను కోతకు ముందు వానిని గూర్చి అడిగి చూడవచ్చును. ఆరోగ్య బీమా గలవారు పత్రము చదువుకొనవలెను. లెక్క 40 దాటినను, లేదా 35 దాటి చక్కెరవ్యాధి, గుండెజబ్బు వంటివి తీవ్రముగా నున్నను, వైద్యుని సలహాపై చేయించుకొన్నచో ఈ ఆపరేషను సామాన్యముగా బీమా మినహాయింపులలో చేరదు. పత్రములో వ్రాసిన నిరీక్షణ కాలము దాటినదో లేదో ముందే చూచుకొనుడు.

సంఘపు అప్పు కోరువారు దరఖాస్తులో ఆసుపత్రి ఖర్చు మాత్రమే వ్రాయుచున్నారని కార్యదర్శిగారు చెప్పిరి. నాకు మూడు లక్షలకు పైగా అయినది. అందులో ఎక్కువ భాగము బీమా వలన వచ్చినది. కాని జీవితాంతము వాడవలసిన బి12, ఇనుము, సున్నము, డి విటమిను మాత్రలు, ఏటికి రెండుమార్లు రక్తపరీక్షలు, ప్రయాణపు ఖర్చులు, మొదటి రెండు నెలలు నేను చేయలేని పనులకు పెట్టిన కూలి, ఇవి ఏ బీమాలోను రాలేదు. ఈ పద్దును నెలవారీగా ఒక పుస్తకమున వ్రాసి యుంచితిని. దాని నకలు సంఘ కార్యాలయమున కార్యదర్శిగారి బల్లమీద నున్నది. దరఖాస్తు పెట్టదలచినవారు దానిని చూచి, తమ కొబ్బరి రాబడి ప్రక్కన వేసి లెక్క చూచుకొనవచ్చును.