ముసలి కంప్యూటరుకు నాడి పరీక్ష

బస్తరు అరణ్యాల దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దు చేరువలో పామేడు ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా గ్రామమే అయినా, తన జిల్లా కేంద్రానికి చేరడానికి అది చిరకాలం తెలంగాణలోని చర్ల మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. ఇటువంటి చోట పాత డెస్క్‌టాప్ కంప్యూటరు మొరాయించినదంటే, దానిని మూటగట్టి పట్నానికి మోసుకుపోయే ముందు జబ్బు ఏ అంగంలో ఉన్నదో తెలుసుకోవడం ఉత్త కుతూహలం కాదు. బస్సు ఛార్జీలూ, పోయే పనిదినాలూ దానిపైనే ఆధారపడి ఉంటాయి.

అదృష్టవశాత్తు యంత్రంలోని భాగాలన్నీ ఒక్కసారే ముసలివి కావు. ప్రాసెసరు దాదాపు చిరంజీవి. ముందుగా నీరసించేవి విద్యుత్తునూ, వేడినీ, కదలికనూ భరించే భాగాలు.

మీట నొక్కిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనుకటి తేదీ చూపుతున్నదా? మదర్‌బోర్డు మీది సి.ఆర్. 2032 బిళ్ల బ్యాటరీ అడుగంటి ఉంటుంది. ఆ 3 వోల్టుల బిళ్లను మార్చితే చాలు. దానికోసం యంత్రాన్నే అటకెక్కించడం ఎలుకమీద కోపంతో ఇల్లు తగులబెట్టుకోవడమే.

తరచుగా అసలు దోషి కెపాసిటరు. చిన్న అల్యూమినియపు డబ్బీలో విద్యుద్వాహక ద్రవం నింపిన భాగమిది. ఆ ద్రవం ఏళ్ల తరబడి మెల్లగా ఇంకిపోతుంది. వేడి పెరిగిన కొద్దీ త్వరగా. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయువు సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు నిలిచేది 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు నిలవాలి. దుమ్ము పట్టిన ఫ్యాను మండువేసవిలో ఎంత ద్రోహం చేస్తుందో దీనిని బట్టి ఊహించవచ్చు. డబ్బీ తల ఉబ్బినా, గోధుమరంగు పసరు కారినా ఇక అనుమానం అక్కరలేదు. 1999 తరువాత కొన్నేళ్లపాటు లోపభూయిష్టమైన కెపాసిటర్లు దేశదేశాల్లో అకాలంగా చెడిపోయినవి. 2005లో డెల్ సంస్థ ఈ పద్దు క్రింద 30 కోట్ల డాలర్ల భారం మోయవలసి వచ్చింది.

పవర్ సప్లైని మల్టీమీటరుతో పరీక్షించవచ్చు. 12 వోల్టుల తీగపై 11.4కు తగ్గినా, 12.6కు మించినా అది అలసినట్లే. దాని పెట్టెను మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ర్యాము పలకల అంచులను పెన్సిలు రబ్బరుతో మృదువుగా తుడిచి, ఒక్కొక్కదానినే అమర్చి చూడాలి. 1994లో వెలువడిన మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామును రాత్రంతా నడిపితే పైకి కనిపించని లోపాలు సైతం బయటపడతాయి.

హార్డు డిస్కు సంగతి వేరు. తన ఆరోగ్యం తానే నమోదు చేసుకొనే 'స్మార్ట్' ఏర్పాటు దానిలో ఉన్నది. కాని దానిని పూర్తిగా నమ్మరాదు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, చెడిపోయిన వాటిలో మూడో వంతుకు పైగా అటువంటి హెచ్చరిక ఏదీ చూపలేదు. కాబట్టి స్క్రూడ్రైవరు పట్టేముందే దస్త్రాలను వేరొక డిస్కులోకి ఎక్కించుకోవాలి. లోపలి నుండి టక్కుటక్కుమనే చప్పుడు మొదలైతే ఆ వ్యవధి కూడా లేదు. యంత్రాన్ని తక్షణం ఆపివేయాలి.