లారీ పొగ – ఇంటి పద్దు

నైజాము కాలమున వెలసిన బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. అయినను నిజామాబాదు–బోధను బాటమీఁద లారీలు తిరుగుచునే యున్నవి. ఆ బాట ప్రక్క నివసించు మన పిల్లలు వాని పొగను పీల్చుచునే యున్నారు.

2020 ఏప్రిల్ 1వ తేది మొదలు దేశమంతటను క్రొత్త వాహనములకు భారత్ స్టేజి 6 నిబంధనలు వర్తించుచున్నవి. అట్టి పెద్ద లారీలకు డీజిలు తొట్టితోపాటు వేఱొక చిన్న తొట్టి యుండును. అందు నూటికి 32.5 పాళ్లు యూరియా కలిపిన శుద్ధజలమును పోయుదురు. అది పొగగొట్టపు వేఁడికి అమ్మోనియాగా మాఱి, విషవాయువులగు నైట్రొజను ఆక్సైడులను నిరపాయకరమగు నైట్రొజనుగను, నీటియావిరిగను మార్చును.

కొందఱు ఈ నీటి ఖర్చు మిగుల్చుకొనఁగోరి, యంత్రమును మభ్యపెట్టు చిన్న పరికరమును తగిలింతురు. అప్పుడు తొట్టి యెండినను లారీ నడచును. పొగ పరీక్షలో డీజిలు బండ్లకుఁ జూచునది పొగ చిక్కదనమే. ఈ వాయువులను గొలువరు. కావున సర్టిఫికెట్టు చేతనుండఁగనే ఊపిరితిత్తులకుఁ జెఱుపు కలుగుచుండును.

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, గాలి కాలుష్యపు నియమములను మీఱి బండి నడపినచో మొదటి తప్పునకే 3 నెలలవఱకు ఖైదుగాని, 10,000 రూపాయలవఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

లారీ గల యిండ్ల గృహిణులారా! నెలపద్దులో యూరియా నీటి ఖర్చు కానరాకున్నచో, “ఏమండీ, ఈ నెల ఆ నీరు కొనలేదా?” యని యడుగుఁడు. మిగిలిన సొమ్ము మనదే కావచ్చును. ఆ గాలి పీల్చు పసివాఁడును మనవాఁడే గదా!