అబార్షన్ హత్యేనా? చట్టం ఏమంటోంది, మనస్సాక్షి ఏమంటోంది?

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనది. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఎందుకంటే ఇంట్లో నలుగురి ముందు ఈ మాట వినాలంటే మనకి ఇంకా ఇబ్బందే.

కొన్ని వారాల క్రితం, రాత్రి పదకొండు దాటాక ఒక అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. డిగ్రీ చదువుతోంది, హాస్టల్‌లో ఉంటోంది. "అక్కా, నేను మర్డర్ చేశానా?" అంతే, ఒక్క లైన్.

మెల్లగా అడిగితే చెప్పింది. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెప్పించుకున్న టాబ్లెట్లు వేసుకుంది. నాలుగు రోజులైనా బ్లీడింగ్ ఆగట్లేదు. జ్వరం కూడా వచ్చింది. అయినా హాస్పిటల్‌కి వెళ్ళట్లేదు. ఎందుకంటే, వెళ్తే డాక్టరు పోలీసులకి చెప్తారని, మర్డర్ కేసు పెడతారని ఏదో రీల్‌లో చూసిందట.

నేను ఆ రాత్రి ఏ నీతీ మాట్లాడలేదు. "ముందు రూమ్మేట్‌ని లేపు, హాస్పిటల్‌కి వెళ్ళు" అన్నాను. వెళ్ళింది. అబార్షన్ పూర్తిగా అవ్వలేదట, ఇన్ఫెక్షన్ మొదలైందట. టైమ్‌కి వెళ్ళింది కాబట్టి బయటపడింది. "నా పేరు చెప్పకుండా ఈ విషయం చెప్పక్కా, ఇంకెవరైనా నాలాగా భయపడుతుంటే వింటారు" అని తనే అంది.

అందుకే ఈ ఎపిసోడ్. తను అడిగిన ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, చట్టం దీన్ని హత్య అంటుందా? రెండు, చట్టం సంగతి పక్కన పెడితే, ఇది తప్పా? ఈ రెండూ కలిపేయడం వల్లే గొడవంతా.

చట్టం సంగతి

మన భాషలోనే చూడండి. "గర్భస్రావం" అంటాం. ఊళ్ళో "కడుపు తీయించుకుంది" అంటారు. "భ్రూణహత్య" అని కూడా అంటారు. మూడో మాటలో తీర్పు ముందే వచ్చేసింది. ఇంకా ఏమీ ఆలోచించకుండానే హత్య అనేశాం.

కానీ మన శిక్షాస్మృతి ఆ మాట అనలేదు. 1860లో బ్రిటిష్ వాళ్ళు రాసిన ఐపీసీలోనే స్పష్టంగా ఉంది: తల్లి గర్భంలో ఉన్న శిశువు మరణానికి కారణమవడం నరహత్య కాదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా 100వ సెక్షన్ వివరణలో అదే మాట ఉంది. అయితే శిశువు శరీరంలో ఏ కొంత భాగమైనా బయటికి వచ్చాక ప్రాణం తీస్తే, అప్పుడు నరహత్య అవ్వొచ్చు అని కూడా ఉంది. అంటే గీత అక్కడ గీశారు.

మరి అబార్షన్ నేరమే కాదా? ఆగండి, అలా కూడా కాదు. చట్టం ఒప్పుకోని పద్ధతిలో గర్భస్రావం చేయించడం వేరే నేరం. న్యాయ సంహితలో 88వ సెక్షన్. మూడేళ్ళ దాకా జైలు. కడుపులో కదలిక మొదలయ్యాక అయితే ఏడేళ్ళ దాకా. తనంతట తాను చేసుకున్న స్త్రీకి కూడా ఇది వర్తిస్తుంది. హత్యకి శిక్ష ఏంటి? మరణశిక్ష లేదా యావజ్జీవం. తేడా చూశారా? చట్టం దీన్ని చిన్న విషయమని వదిలెయ్యలేదు, అలాగని హత్యతో సమానం చెయ్యలేదు.

ఆ అమ్మాయి ప్రిస్క్రిప్షన్ లేకుండా మందు వేసుకుంది, అది చట్టం చెప్పిన దారి కాదు. కానీ హత్య మాత్రం కాదు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు హాస్పిటల్‌కి వెళ్ళడం అసలు నేరమే కాదు.

మరి చట్టం ఒప్పుకున్న దారి ఏంటి?

1971లో ఎంటీపీ చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఎందుకు తెచ్చారు? నాటు పద్ధతుల్లో చేయించుకుని ఆడవాళ్ళు చనిపోతున్నారని. దీన్ని పరిశీలించడానికి 1964లోనే శాంతిలాల్ షా కమిటీ వేశారు.

2021లో ఈ చట్టాన్ని సవరించారు. ఇప్పుడు 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే ఇద్దరు డాక్టర్లు కావాలి, అది కూడా అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్ళు లేదా విడాకులైనవాళ్ళు, ఇలా కొన్ని వర్గాలకే. 24 దాటితే, పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం వెంటనే కాపాడాల్సి వస్తే ఈ వారాల లెక్క అడ్డు రాదు.

ఇక్కడ మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, 18 నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం, నాన్న సంతకం చట్టం అడగలేదు. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. రెండు, వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కి ఏడాది దాకా జైలు పడొచ్చు. మూడు, పెళ్ళి కాలేదు కదా అని కాదనడానికి లేదు. 20 నుంచి 24 వారాల వెసులుబాటు పెళ్ళికాని వాళ్ళకీ ఉంటుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది.

కానీ ఒక మాట. మన దగ్గర ఇది "నేను అడిగాను, మీరు చెయ్యాలి" అనే హక్కు కాదు. తల్లి ప్రాణానికి ముప్పు, శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని, ఇలాంటి కారణం ఉందని డాక్టర్ నమ్మాలి. గర్భనిరోధక సాధనం ఫెయిలై గర్భం వస్తే, 20 వారాల లోపు దాన్ని మానసిక హానిగానే చట్టం లెక్కేస్తుంది.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న

చట్టం హత్య కాదంది సరే. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అన్నీ మంచివైపోతాయా? కావు. కాబట్టి రెండు వైపులా గట్టి వాదనే వినాలి.

"తప్పే" అనేవాళ్ళ వాదన ఇది. ఫలదీకరణ నుంచి పుట్టుక దాకా ఎక్కడా తెగిపోని ఒకే ప్రయాణం. ఫలానా రోజు నుంచి మనిషి, ముందు రోజు దాకా కాదు అని ఎలా చెప్తావు? క్యాథలిక్ చర్చి మొదటి క్షణం నుంచీ ప్రాణమే అంటుంది. చాలామంది ఇస్లామిక్ పండితులు 120 రోజులకి ఆత్మ వస్తుందంటారు. మన ధర్మశాస్త్రాల్లో భ్రూణహత్య మహాపాపం. మతం వద్దంటారా? డాన్ మార్క్విస్ అనే అమెరికన్ తత్వవేత్త 1989లో మతం లేకుండానే వాదించాడు: మనిషిని చంపడం ఎందుకు తప్పు? అతని భవిష్యత్తంతా లాగేసుకుంటాం కాబట్టి. పిండానికి కూడా అలాంటి భవిష్యత్తే ఉంది కదా అని.

అవతలి వాదన. జుడిత్ జార్విస్ థామ్సన్ 1971లో అంది: సరే, పిండం మనిషే అనుకుందాం. అయినా ఇంకొకరి ప్రాణం నిలబెట్టడానికి నీ శరీరాన్ని తొమ్మిది నెలలు ఇచ్చి తీరాలని బలవంతం చెయ్యొచ్చా? రక్తం ఇవ్వకపోతే ఎదుటివాడు చనిపోతాడని తెలిసినా, మనల్ని కట్టేసి రక్తం తియ్యరు కదా.

నాకు రెండూ బలంగానే అనిపిస్తాయి. ఇది తేలికైన ప్రశ్న అని ఎవరైనా అంటే, వాళ్ళు ఒక వైపే విన్నారని అర్థం.

న్యాయమూర్తులకే తేలలేదు. 2023 అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 26 వారాల గర్భం. చిన్న బిడ్డకి పాలిస్తోంది కాబట్టి గర్భం వచ్చినట్టు ముందు తెలియలేదు. ప్రసవం తర్వాత వచ్చే మానసిక సమస్యకి మందులు వాడుతోంది. ఇద్దరు న్యాయమూర్తులు ముందు సరే అన్నారు. తర్వాత ఎయిమ్స్ డాక్టర్ ఒకరు, ఈ దశలో బిడ్డ బతికే పుట్టొచ్చు, గుండె ఆపమంటారా అని అడిగారు. అప్పుడు జస్టిస్ హిమా కోహ్లీ వెనక్కి తగ్గారు. గతంలో మన తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా చేసినావిడే. జస్టిస్ నాగరత్న మాత్రం ఆ తల్లి నిర్ణయానికే విలువివ్వాలన్నారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ అబార్షన్‌కి ఒప్పుకోలేదు. ఒకే కేసు, అవే కాగితాలు. తెలివైన, మంచి మనసున్న ఇద్దరు రెండు వైపులకి వెళ్ళారు.

సమానం అంటే ఏమవుతుంది?

మరి పిండానికీ తల్లికీ సమాన హక్కు అని రాసేస్తే? ఐర్లాండ్ 1983లో రాజ్యాంగంలోనే రాసింది. 2012లో కర్ణాటకలోని బెళగావికి చెందిన డెంటిస్ట్ సవితా హలప్పనవర్ అక్కడ హాస్పిటల్‌లో చేరింది. 17 వారాలు. గర్భం నిలవదని డాక్టర్లకి తెలుసు. అబార్షన్ చెయ్యమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి చెయ్యలేదు. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి అక్టోబర్ 28న చనిపోయింది. 31 ఏళ్ళు. 2018లో ఆ దేశ ప్రజలు 66 శాతానికి పైగా ఓట్లతో ఆ నిబంధన తీసేశారు.

ఇంకో వైపు కూడా చూడాలి. ఆడపిల్ల అని తెలిసి తీయించే పని. స్కానింగ్ సెంటర్లలో లింగనిర్ధారణ చెయ్యకూడదని బోర్డులు చూస్తాం కదా, అది 1994 చట్టం. స్వేచ్ఛ అనే మాట పెట్టి దాన్ని సమర్థించలేం. అక్కడ చాలాసార్లు ఆ తల్లి ఇష్టమే ఉండదు, అత్తింటి ఒత్తిడే ఉంటుంది.

నా మాట

నాకు అనిపించేది ఒకటే. గర్భం అంటే ఏమీ లేదు అన్నట్టు మాట్లాడటం తప్పు. అలాగని హత్య అనడం కూడా తప్పే. ఆ మాట ఆలోచనని ఆపేస్తుంది, భయాన్ని మొదలుపెడుతుంది. ఆ భయంతోనే ఒక పిల్ల నాలుగు రోజులు హాస్టల్ రూమ్‌లో తలుపేసుకుంది.

మీరు అబార్షన్ తప్పని నమ్మొచ్చు. అది మీ మనస్సాక్షి, దాన్ని గౌరవిస్తా. కానీ మీ చెల్లో, ఫ్రెండో వచ్చి చెప్పినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట తీర్పు కాకూడదు. "పద, డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అనండి. షాపులో టాబ్లెట్లు కొని సొంతంగా వేసుకోవద్దు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మందు పని చెయ్యదు, ప్రాణమే పోవచ్చు. అది ముందుగా డాక్టరే చూడాలి.

ఆ అమ్మాయి ప్రశ్నకి వారం తర్వాత జవాబిచ్చాను. "లేదమ్మా, చట్టం అలా అనదు. మిగతాది నువ్వు నిదానంగా ఆలోచించుకోవాల్సింది. దానికి నీకు చాలా టైముంది." ఒక హార్ట్ పెట్టింది. మొన్న పరీక్షలు రాసిందట.

ఈ ఎపిసోడ్ అవసరమైనవాళ్ళు ఎవరైనా గుర్తొస్తే పంపించండి. మళ్ళీ కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి.