గడ్డకట్టిన వీర్యం, కోలార్ పాలు

కోలార్ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు మాట్లాడే ఊళ్లలో చిన్న రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయంటే అది పాడి వల్ల, పట్టు వల్ల. ఆ పాడిలో పేరున్న సంకరజాతి ఆవులు చాలావరకు ఘనీకృత వీర్యంతో పుట్టినవే.

దేశంలో తొలిసారి కృత్రిమ గర్భధారణ చేసింది 1939లో, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో, సంపత్ కుమారన్. కోలార్ అప్పుడు మైసూరు సంస్థానంలోదే. అయితే తాజా వీర్యం కొద్ది రోజులకే పనికిరాకుండా పోయేది. గడ్డకట్టిద్దామంటే మంచు పలుకులు కణం పొరను చీల్చేవి. మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడి కణాన్ని దెబ్బతీసేవి. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ కోడిపుంజు వీర్యంపై పనిచేస్తూ, గ్లిజరాల్ కలిపితే కణాలు గడ్డకట్టే చలిని తట్టుకుంటాయని చూపారు. పశుసంవర్ధకం తీరే మారిపోయింది.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలో డెన్మార్క్ సాయంతో కేంద్ర ఘనీకృత వీర్య ఉత్పత్తి, శిక్షణ సంస్థ వెలిసింది. ఇలాంటి కేంద్రాల్లో ఆంబోతు వీర్యాన్ని కృత్రిమ యోనిలో సేకరించి, కణాల సంఖ్య, కదలిక చూసి, గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్, యాంటీబయాటిక్ ఉన్న ద్రావణంలో పలుచన చేస్తారు. పావు మిల్లీలీటరు పట్టే స్ట్రాలో సుమారు 2 కోట్ల కణాలు నింపి, 4 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నైట్రోజన్ ఆవిరిలో గడ్డకట్టించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. నమూనా స్ట్రాను కరిగించి చూసినప్పుడు కనీసం సగం కణాలు చురుగ్గా కదలకపోతే ఆ బ్యాచ్ మొత్తం పారబోయాల్సిందే.

అంత చలిలో వీర్యం ఏళ్ల తరబడి చెడదు. చెడేదల్లా దారిలోనే. కంటైనర్‌లో నైట్రోజన్ తగ్గినా, స్ట్రా కోసం వెతుకుతూ, స్ట్రాలుండే గాబ్లెట్‌ను కంటైనర్ మూతి పైకి ఎత్తి పట్టుకున్నా కణాలు దెబ్బతింటాయి. మళ్లీ ముంచినంత మాత్రాన ఆ నష్టం పూడదు. బయటికి తీసిన స్ట్రాను 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో 30 సెకన్లు ఉంచాలి. ఆపై తడి పూర్తిగా తుడిచి, సీలు కత్తిరించి, వీర్యం ఎక్కించే గన్‌లో పెట్టి, షీత్ అనే తొడుగు తొడిగి వెంటనే ఆవుకు వేయాలి. తడి తగిలినా వీర్యం పాడవుతుంది. అరచేతిలో నలిపి, చంకలో పెట్టి కరిగించడం ఎంత అలవాటైనా తప్పే.

వేళ కూడా అంతే ముఖ్యం. ఆవు అరుస్తూ, గాజులాంటి తీగలు వేస్తూ పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున వేయించాలి. కట్టని ఆవు సుమారు 21 రోజులకు తిరిగి ఎదకొస్తుంది. అది పదేపదే తిరగపొర్లితే రైతులు తప్పు ఆవుదే అనుకుంటారు; ముందు కంటైనర్‌ను, కరిగించిన తీరును అనుమానించడం న్యాయం.

స్ట్రా మీద జాతి, ఆంబోతు నంబరు, తయారైన కేంద్రం, తేదీ అచ్చయి ఉంటాయి. వాటిని రాసి ఉంచుకోండి. కరిగించే నీళ్లలో థర్మామీటర్ పెట్టమని అడగండి. ఆవు తిరిగి ఎదకు రాకపోతే మూడో నెలలో చూడి పరీక్ష చేయించండి.