ఇనుముకు దిశ చూపే నియోడిమియం

ఇంటర్ కెమిస్ట్రీలో స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం చదివిన మిత్రులకు మైలుతుత్తం నీలిరంగు గుర్తుండే ఉంటుంది. రాగి అయాన్ చుట్టూ ఉన్నవాటి విద్యుత్ ప్రభావం దాని ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలను విడదీస్తుంది, అందుకే ఆ రంగు. పరీక్షకు అంతవరకు చాలు. కానీ హార్డ్ డిస్కుల్లో, విద్యుత్ కార్ల మోటార్లలో వాడే బలమైన అయస్కాంతానికీ ఈ క్షేత్రమే ఆధారం.

ఆ అయస్కాంతంలో ప్రతి 2 నియోడిమియం పరమాణువులకు 14 ఇనుము, 1 బోరాన్ పరమాణువులు ఉంటాయి. జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ దీన్ని విడివిడిగా కనుగొన్నారు. 1983లో లోకానికి తెలిసింది.

దీని బలంలో ఎక్కువ పాలు ఇనుముదే. మరి మామూలు మేకు శాశ్వత అయస్కాంతం ఎందుకు కాదు? దాని అయస్కాంతత్వం ఎటు తిప్పితే అటు తిరిగిపోతుంది కాబట్టి. దాన్ని ఒక దిశలో కట్టిపడేసేది నియోడిమియం. ఈ పరమాణువు లోపలి 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మేఘం గుండ్రంగా ఉండదు, అప్పడంలా బల్లపరుపుగా ఉంటుంది. దాని అయస్కాంత దిశ అప్పడానికి నిలువుగా ఉంటుంది. ఒకటి తిరిగితే రెండోదీ తిరగాల్సిందే. చుట్టూ ఉన్న పరమాణువుల విద్యుత్ క్షేత్రంలో ఆ అప్పడం ఒకే భంగిమలో సుఖంగా ఇముడుతుంది. ఇనుము పక్కకు తిరగబోతే, దానితో ముడిపడిన నియోడిమియం కూడా తిరగాలి. అందుకు చాలా శక్తి కావాలి. అయస్కాంతం మొండికేయడం అంటే ఇదే!

నియోడిమియం స్థానంలో సమేరియం పెడితే కథ తిరగబడుతుంది. దాని మేఘం దోసకాయలా పొడుగ్గా ఉంటుంది. అందువల్ల అయస్కాంతత్వం అక్షం వదిలి అడ్డంగా పడుకుంటుంది. అదే సమేరియం కోబాల్ట్‌తో కలిసినప్పుడు మాత్రం, అక్కడి క్షేత్రం వేరు కనుక, మేలైన అయస్కాంతం ఇస్తుంది. మూలకం ఒక్కటే, ఇల్లు మారింది.

నియోడిమియం అయస్కాంతాన్ని సుమారు 135 కెల్విన్ కంటే చల్లబరిస్తే ఇంకో వింత. క్షేత్రంలోని సూక్ష్మమైన భాగాలు పైచేయి సాధించి, దిశ అక్షం నుంచి మెల్లగా ఒరుగుతుంది. హీలియం ద్రవమయ్యే చలిలో ఆ వాలు దాదాపు 30 డిగ్రీలు.

అసలు చిక్కు వేడితోనే. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ నియోడిమియం పట్టు ఇనుము బలం కంటే త్వరగా సడలుతుంది. మోటారు లోపల 150 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. అందుకని కొంత నియోడిమియం తీసి డిస్ప్రోషియం కలుపుతారు. అదీ అప్పడమే, పట్టు ఇంకా గట్టిది. కాకపోతే దాని అయస్కాంతత్వం ఇనుముకు ఎదురుగా నిలబడుతుంది, కాబట్టి మొత్తం బలం కొంత తగ్గుతుంది. పైగా అది అరుదైనది, ఖరీదైనది. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు విధించిన 7 మూలకాల్లో డిస్ప్రోషియం ఒకటి. ఆ వార్త రాగానే కార్ల కంపెనీలు ఉలిక్కిపడింది ఈ అప్పడం కోసమే.