ఆదివారపు సాక్ష్యము, సోమవారపు తూకము

  ఈ దినము మనము ధ్యానించబోయే వాక్యభాగము ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము, 13 నుండి 16 వచనములు. మీ దగ్గర బైబిలు ఉంటే దయచేసి తెరవండి.

ఇక్కడ దేవుడు తన ప్రజలతో మాట్లాడుచున్నది బలులను గూర్చి కాదు, పండుగలను గూర్చి కాదు. సంచిలో ఉండే తూకపు రాళ్లను గూర్చి, ఇంట్లో ఉండే కొలపాత్రలను గూర్చి మాట్లాడుచున్నాడు. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, ఇలా రెండు రకాలు మీ దగ్గర ఉండకూడదు, అలా చేసేవాడంటే నాకు అసహ్యము అని సెలవిచ్చుచున్నాడు.

ప్రియులారా, రెండు రకాల రాళ్లు ఎందుకు? కొనేటప్పుడు పెద్దది, అమ్మేటప్పుడు చిన్నది! ఆ కాలములో వర్తకులు రాళ్లను సంచిలో వేసుకొని తిరిగేవారు. హెబ్రీ భాషలో తూకమునకు వాడిన మాటకు అర్థమే రాయి. మనము కూడా నేటికీ "తూకపు రాళ్లు" అనే అంటాము గదా! యెరూషలేము, లాకీషు వంటి చోట్ల త్రవ్వకాలలో గుండ్రని సున్నపురాతి తూకపు రాళ్లు ఎన్నో దొరికాయి. వాటి మీద ఎంత బరువో తెలిపే గుర్తులు కూడా చెక్కబడి ఉన్నాయి. ఒక షెకెలు సుమారు 11 గ్రాములు. అంత చిన్న రాయిని కాస్త అరగదీస్తే కొనేవాని కంటికి తెలియదు. కానీ దేవుని కంటికి తెలుస్తుంది. అందుకే సామెతల గ్రంథము త్రాసును, తూకపు రాళ్లను గూర్చి ఒక్కసారి కాదు, 11వ అధ్యాయములోను, 16వ అధ్యాయములోను, 20వ అధ్యాయములో రెండుసార్లును చెప్పుచున్నది.

ఇశ్రాయేలీయులు ఆరాధన మానివేశారా? లేదు. క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దములో ఆమోసు ప్రవక్త చూచినది ఏమిటి? 8వ అధ్యాయములో చదవండి. వారు విశ్రాంతి దినమును ఆచరిస్తూనే ఉన్నారు. అయితే ఆ దినము ఎప్పుడు అయిపోతుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా, కొలత తగ్గించి వెల పెంచి, తాలు గోధుమలను కూడా బీదవారికి ఎప్పుడు అంటగడదామా అని వారి మనస్సు తొందరపడుచున్నది. శరీరము ఆరాధనలో ఉన్నది, హృదయము త్రాసు దగ్గర ఉన్నది.

ప్రియ శ్రోతలారా, ఈ మాటలు ఇతరులను గూర్చి చెప్పుట నాకు సుళువు. కానీ ఈ వాక్యము మొదట నన్నే పట్టుకున్నది గనుక ఆ సంగతి మీతో చెప్పవలసి యున్నది.

మా తండ్రిగారికి పల్లెటూరిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఇనుప తూకపు రాయి అడుగున చిన్న గుంట ఉంటుంది, అందులో సీసము పోసి, దాని మీద తూనికలు కొలతల అధికారులు ముద్ర కొడతారు. ఆ సీసమును కొంత తోడివేస్తే రాయి పైకి అలాగే కనబడుతుంది, బరువు మాత్రము తగ్గుతుంది. అలాంటి కిలో రాయి ఒకటి మా కొట్టులో గోనెసంచి క్రింద ఉండేది. దాని బరువు 950 గ్రాములు. తనిఖీ వస్తే మంచి రాయి, మిగతా రోజులలో ఆ రాయి.

నేను ప్రభువును నమ్ముకున్నాను. బాప్తిస్మము తీసుకున్నాను. సంఘములో నిలబడి సాక్ష్యము చెప్పాను. అందరూ స్తోత్రము అన్నారు. కానీ సోమవారము ఉదయము కొట్టులో కూర్చొని ఆ రాయితోనే తూచాను. ఒక వారము కాదు, నాలుగు నెలలు! "ఇది నాన్న వ్యాపారము, నాది కాదు" అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మా సంఘములో ఒక వృద్ధురాలు ఉండేది. నాటుకు, కోతకు కూలికి వెళ్లి బ్రదికే విధవరాలు. ఒకనాడు సాయంకాలము, కొట్టులో ఎవరూ లేని సమయము చూచి వచ్చి నెమ్మదిగా అన్నది: "నాయనా, ఆదివారం నీ సాక్ష్యం విన్నాను. సోమవారం నీ బియ్యం ఇంకో చోట తూపించాను."

అంతే. ఇంకొక మాట అనలేదు. నలుగురిలో నన్ను అవమానపరచలేదు. "మామ్మా" అని పిలిచాను గాని తరువాత మాట రాలేదు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. కిలోకు 50 గ్రాములు. నెలకు 25 కిలోల బియ్యము కొనే ఇంటికి కిలోంబావు తక్కువ. సంవత్సరమునకు 15 కిలోలు. మా తూకము వలన ఆ తల్లి ఎన్ని పూటలు పస్తులున్నదో! నా సాక్ష్యము విని స్తోత్రము చెప్పిన వారి అన్నములో నుండే నేను దొంగిలించాను.

ఆ సమయములో దేవుడు నన్ను జక్కయ్య దగ్గరకు నడిపించాడు. లూకా సువార్త 19వ అధ్యాయము చూడండి. యెరికోలో అతడు సుంకపు గుత్తదారు, ధనవంతుడు. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. జక్కయ్య డబ్బు తిరిగి ఇచ్చిన తరువాత యేసుప్రభువు అతని ఇంటికి వెళ్లలేదు. అతడు చెట్టు మీద ఉన్నప్పుడే, ఒక్క పైసా కూడా ఇవ్వక మునుపే, ప్రభువు పేరు పెట్టి పిలిచాడు. రక్షణ కృప వలననే. మన నీతితో దానిని కొనలేము. అయితే ఆ కృప ఇంటిలోనికి వచ్చిన తరువాత జక్కయ్య పాట పాడి ఊరుకోలేదు, లెక్కల పుస్తకము తెరిచాడు! ఆస్తిలో సగము బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయముగా తీసుకున్న దానికి నాలుగింతలు చెల్లిస్తానన్నాడు. నిర్గమకాండము 22వ అధ్యాయములో, గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవాడు నాలుగు గొఱ్ఱెలు ఇవ్వాలని ఉన్నది. అంటే జక్కయ్య తనకు తానే దొంగ అని తీర్పు వ్రాసుకున్నాడు.

లేవీయకాండము 6వ అధ్యాయములో మరియొక క్రమము ఉన్నది. పొరుగువానిని మోసగించినవాడు మొదట అసలు సొమ్ము తిరిగి ఇవ్వాలి, దానికి అయిదవ వంతు కలపాలి, అటు తరువాత అపరాధ పరిహారార్థ బలి తేవాలి. ముందు పొరుగువాని గుమ్మము, తరువాత దేవుని బలిపీఠము. మనమేమి చేయుచున్నాము? మోసము చేసిన సొమ్ములో దశమభాగము కానుకల సంచిలో వేసి మిగతా తొమ్మిది భాగములను పవిత్రము చేసుకోవాలని చూస్తున్నాము!

ఆ మరునాడు నేను ఆ రాయిని చెరువులో పారవేశాను. మా తండ్రిగారికి చాలా కోపము వచ్చింది. "దేవుణ్ణి నమ్ముకున్నావు, సరే. కొట్టెందుకు మూయిస్తావురా?" అన్నారు. ఖాతా పుస్తకములో అరువు తీసుకున్న వారి పేర్లు ఉన్నాయి. ఆయనను బ్రతిమాలి, ఆ నాలుగు నెలల లెక్కలు తీసి, తక్కువ పడినంతా వారి బాకీలో నుండి కొట్టివేసి, అయిదవ వంతు కలిపి తగ్గించాను. ఆ వృద్ధురాలు ఎప్పుడూ రొక్కమిచ్చే కొనేది, పుస్తకములో ఆమె పేరు లేదు. బియ్యము మూట నేనే మోసుకొని వెళ్లి ఆమె గుమ్మములో పెట్టి క్షమాపణ అడిగాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

"ఆ తరువాత దేవుడు మీ కొట్టును రెండింతలుగా ఆశీర్వదించాడా?" అని మీరు అడుగవచ్చు. నిజము చెప్పాలి. లేదు. లాభము తగ్గింది, రెండు సంవత్సరములకు కొట్టు మూసివేశాము. యథార్థముగా ఉంటే తప్పక లాభము వస్తుందని నేను మీకు చెప్పను. లాభము కోసము చేసే యథార్థత కూడా ఒక వ్యాపారమే. కానీ ఆ దినము నుండి ఆ వృద్ధురాలి ప్రక్కన కూర్చొని ప్రభువు బల్లలో చెయ్యి పెట్టగలిగాను. అంతకంటే పెద్ద ఆశీర్వాదము నాకు తెలియదు.

"అయ్యగారూ, మాకు కొట్టు లేదు, త్రాసు లేదు, ఈ వాక్యము మాకు కాదు" అనుకుంటున్నారా? ఇప్పుడు చాలా చోట్ల రాళ్లు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి, హృదయము మాత్రము పాతదే. ధాన్యము కొనేవాడు తరుగు పేరుతో బస్తాకు ఎక్కువ కోస్తే అది పెద్ద రాయి. రైతు బరువు కోసము ధాన్యము తడిపితే అది చిన్న రాయి. ఎనిమిది గంటల జీతము తీసుకొని ఆరు గంటలు పనిచేసే ఉద్యోగి సంచిలో రెండు రాళ్లు ఉన్నాయి. పనిమనిషి నాలుగు రోజులు రాకపోతే జీతము కోసి, మన జీతము మాత్రము ఒక్క దినము ఆలస్యమైతే సణుగుకొనే ఇంటిలోను రెండు రాళ్లు ఉన్నాయి. కూలివాని కూలి తెల్లవారే వరకు మన దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది. బిగబట్టిన కూలి దేవునికి మొఱ్ఱపెడుతుందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో హెచ్చరించుచున్నాడు. మనము మరచిపోయిన చేబదులు కూడా దేవుడు మరచిపోలేదు.

కనుక ప్రియులారా, ఈ రాత్రి పడుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను ఇచ్చే కొలత, పుచ్చుకొనే కొలత ఒక్కటేనా? నా దగ్గర నిలిచిపోయిన ఇతరుల సొమ్ము ఏమైనా ఉన్నదా? నా సాక్ష్యము విన్న మనుష్యుడు నా తూకము చూస్తే స్తోత్రము అంటాడా? ఎవరి ముఖమైనా జ్ఞాపకము వస్తే, వచ్చే ఆదివారము వరకు ఆగవద్దు. రేపే వెళ్లండి. ఒకేసారి చెల్లించలేకపోతే కొంచెము కొంచెముగానైనా చెల్లించండి. ఇవ్వడానికి ఏమీ లేకపోతే వెళ్లి తప్పు ఒప్పుకోండి. సిలువ మీద మన ఋణమంతయు కొట్టివేసిన ప్రభువు మీకు ఆ ధైర్యము దయచేస్తాడు.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, మా సంచులలో ఏమున్నదో నీకు తెలుసు. మేము దాచుకున్న రెండవ రాయిని మాకు చూపించుము. దానిని పారవేయుటకు బలమును, పొరుగువాని గుమ్మము ఎక్కుటకు తగ్గింపును దయచేయుము. అన్యాయపు తూకము వలన నష్టపోయిన బీదల మొఱ్ఱ ఆలకించుము. మా ఆదివారమును, మా సోమవారమును ఒక్కటిగా చేయుమని యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.