అంకె దిగేదాకా ఆగొద్దు

మూడో నెల స్కానింగ్. తెర మీద బిడ్డ లేదు, గుండె చప్పుడు లేదు. మంచు కురుస్తున్నట్టు తెల్లటి మచ్చలు, మధ్యలో ద్రాక్ష గుత్తిలా నీటి బుడగలు. దీన్నే మనవాళ్లు ముత్యాల గర్భం అంటారు.

తల్లి జన్యువులు లేని అండంలో వీర్యకణం చేరితే పిండం కట్టదు, మావి మాత్రం అదుపు లేకుండా పెరిగిపోతుంది. డాక్టర్లు సక్షన్‌తో గర్భసంచి శుభ్రం చేస్తారు. పీడ విరగడైందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త మొదలవ్వాల్సింది అక్కడే. పూర్తి ముత్యాల గర్భం వచ్చిన నూరుమందిలో 15 నుంచి 20 మందికి ఆ కణాలు లోపల మిగిలి మళ్లీ పెరుగుతాయి. అలా వచ్చే జబ్బుల్లో ఉగ్రమైనది కోరియోకార్సినోమా అనే క్యాన్సర్. మామూలు కాన్పు తర్వాతా, గర్భస్రావం తర్వాతా ఇది రావచ్చు. ఊపిరితిత్తులకు పాకితే దగ్గులో రక్తం పడుతుంది. మన దగ్గర అలాంటప్పుడు ముందు అనుమానించేది టీబీనే. బాలింతకైతే, మావి కణాలు విడుదల చేసే హార్మోన్‌ను కొలిచే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష కూడా చేయించాలి.

1950ల దాకా కోరియోకార్సినోమా ఒళ్లంతా పాకితే బతకడం కల్ల. అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ 1956లో ఆ చరిత్రను తిరగరాశారు. వాళ్లు వాడింది మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల్లోంచి వచ్చిన మందు అది. ఈ విజయం చూడకుండానే 1948లో ఆయన కన్నుమూశారు.

గడ్డలు మాయమైనా హెచ్‌సీజీ ఇంకా కనిపిస్తోందని లీ మందు ఆపలేదు. పైవాళ్లు తప్పుపట్టి ఆయన్ను ఉద్యోగంలోంచి పంపేశారు. అయినా ఆయన పట్టుదలే నిజమైంది. 1972లో ఇద్దరికీ లాస్కర్ పురస్కారం దక్కింది.

ఇప్పుడు డాక్టర్లు జబ్బు ముప్పు ఎంతో స్కోరు వేసి చూస్తారు. ఆరు వరకు ఉంటే తక్కువ ముప్పు. పసుపు రంగు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ రోజు విడిచి రోజు నాలుగు, మధ్య రోజుల్లో నోటిపూత రాకుండా ఫోలినిక్ ఆమ్లం మాత్రలు. ఈ దశలో దాదాపు అందరికీ నయమవుతుంది. స్కోరు ఏడు గానీ అంతకు మించి గానీ ఉంటే ఒకటి కంటే ఎక్కువ మందులు కలిపి ఇస్తారు. అప్పుడూ నూటికి 90 మంది కోలుకుంటారు. మావి అతుక్కున్న చోట పుట్టే అరుదైన రకం మాత్రం కీమోకు అంతగా లొంగదు, ఆపరేషన్ కావాలి.

వారం వారం ల్యాబ్ చీటీలో హెచ్‌సీజీ అంకె వేలల్లోంచి వందలకు, వందల్లోంచి ఐదు లోపుకు దిగాలి. ఒంట్లో బాగానే ఉందని మధ్యలో మానేయడమే పెద్ద ప్రమాదం. ఆ అంకె దిగాక కూడా మరికొన్ని కోర్సులు ఇస్తారు, కనిపించని కణాలు మిగలకూడదని. ఈ చికిత్స, పరీక్షల కాలంలో గర్భం రాకుండా చూసుకోవాలి. వస్తే పెరిగిన హెచ్‌సీజీ బిడ్డదో, జబ్బుదో తేలదు.

చాలామందికి గర్భసంచి తీయాల్సిన పనే ఉండదు. కీమో ముగిసిన ఏడాదికి మళ్లీ బిడ్డ కోసం ప్రయత్నించవచ్చు. గర్భం వస్తే తొలి నెలల్లోనే స్కానింగ్ చేయించుకోవాలి. ముత్యాల గర్భం మళ్లీ వచ్చేది మాత్రం నూటికి ఒకరిద్దరికే.